ఇప్పలవలస ఒరల సౌష్ఠవ తనిఖీ

ఆ పొద్దున్న ఆకాశం ఇప్పలవలస మీదికి ఒక్క మబ్బును పంపింది. మబ్బంటే పెద్దదేమీ కాదు, ఉతికి పిండిన తువ్వాలు ముక్కంత. అది కొండ భుజం మీద కాసేపు కూర్చుని, కింద ఏముందో చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయింది. వెళ్లిపోయినా దాలినాయుడి గుండె నిమ్మళించలేదు. చూసి వెళ్లింది ఊరికే ఉండదు, పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వస్తుంది.

రైతై పుట్టి వానకు భయపడడం అతనికి ఇదే మొదలు. ఊరి పాత నుయ్యి ఎండిపోయి చాన్నాళ్లయింది. అప్పటినుంచి ఆడవాళ్లు ఎండిన గెడ్డవాగు దాటి, పక్కూరి పంపు దగ్గర ఆ ఊరివాళ్ల మాటలు పడి, నీళ్లు మోసుకొస్తున్నారు. ఈ వేసవిలో ఊరంతా కలిసి నూతి కమిటీ పెట్టుకుంది. దాలినాయుడు తక్కువ మాట్లాడతాడు కనక తగాదాలు రావని అతన్నే పెద్దను చేశారు. అందరూ కలిసి గొయ్యి తవ్వారు. అడుగున నీరు కనబడింది. అయితే అది ఇసక నేల. సిమెంటు ఒరలు ఒకదాని మీద ఒకటి దిగితేనే గొయ్యి నుయ్యి అవుతుంది. అవి దిగకముందే గట్టి వాన కొట్టిందంటే గోడలు జారి, గొయ్యి మళ్లీ నేలైపోతుంది. నీరు అడుగున ఉంటుంది, మనుషులు పైనుంటారు.

ఒరలు రానూ వచ్చాయి. ప్రభుత్వం మంజూరు చేసినవే. గుండ్రంగా, బూడిద రంగులో, ఆవలించిన నోళ్లలా గొయ్యి పక్కన వరసగా పడుకుని ఉన్నాయి. దింపడానికి మాత్రం వీల్లేదు. వాటికింకా సౌష్ఠవ ధ్రువపత్రం రాలేదు.

ఈ ధ్రువపత్రం పుట్టుక రాజధానిలో జరిగింది. లెక్కల పండితులు ఏదో మహాసభ పెట్టుకుని, జ్యోతి వెలిగించడానికి ఒక మంత్రిగారిని పిలిచారు. వెలిగించి వెళ్లిపోతే పోయేది. కారు డ్రైవరు టిఫినుకు వెళ్లి ఆలస్యం చేశాడు. మంత్రిగారు ఉపన్యాసం వినవలసి వచ్చింది. వేదిక మీద ఒక ముసలాయన స్టీలు పళ్లాన్ని వేలి మీద పెట్టి తిప్పుతూ చెప్పాడు.

"తిప్పాను. ఏమైనా మారిందా? లేదు. ఎంత తిప్పినా, ఎంత కొంచెం తిప్పినా పళ్లెం పళ్లెంలాగే ఉంటుంది. నలుచదరపు పీటను తిప్పి చూడండి, నాలుగు చోట్ల మాత్రమే ఒదుగుతుంది. పళ్లానికి అలాంటి లెక్క లేదు. దీన్ని నిరంతర సౌష్ఠవం అంటాం. ఈ తిప్పులన్నీ కలిసి ఒక సమూహం. ఒక తిప్పు మీద ఇంకో తిప్పు వేస్తే వచ్చేదీ అందులోదే. ప్రతి తిప్పుకూ దాన్ని వెనక్కి తెచ్చే తిప్పు ఒకటుంటుంది. అసలు తిప్పకపోవడం కూడా ఒక తిప్పే."

మంత్రిగారు కుర్చీలో ముందుకు జరిగారు. ఎంత తిప్పినా ఏమీ మారదు. ఏమీ చేయకపోయినా చేసినట్టే లెక్క. ఇంత గొప్ప శాస్త్రం ఉండగా పరిపాలన ఇన్నాళ్లూ దీని ఆసరా లేకుండా ఎలా నడిచిందా అని ఆయన విస్తుపోయారు. నెల తిరక్కుండా సౌష్ఠవ శాఖ ఏర్పడింది. ప్రభుత్వ సొమ్ముతో కొన్న ఏ వస్తువునైనా, దాన్ని మారనివ్వని తిప్పులన్నిటినీ ఒక్కటి వదలకుండా తిప్పి చూసి, నిజంగానే మారలేదని రాసుకున్నాకే వాడుకలో పెట్టాలని ఉత్తర్వు వచ్చింది. బల్లలు, బీరువాలు, కిటికీలు పూటలో గట్టెక్కాయి. గుండ్రటివాటి సంగతి ఎవరికీ తట్టలేదు.

మబ్బు వచ్చి వెళ్లిన పొద్దున్నే శాఖ జీపు ఇప్పలవలసలోకి వచ్చింది. అందులోంచి మండల సౌష్ఠవాధికారి ధర్మలింగేశ్వరరావు దిగాడు. చొక్కా మడత నలగని మనిషి. జీపు దుమ్ము కూడా ఆయన మీద వాలడానికి జంకింది. వెనక రిజిస్టరు మోసుకుంటూ గుమాస్తా కామేశం.

"కమిటీ అధ్యక్షులు ఎవరు?"

"నానే బాబూ," అన్నాడు దాలినాయుడు.

"సదరు ఒరలను ఇప్పటివరకు ఎవరైనా తిప్పి ఉన్నారా?"

"లారీ కాడినుంచి దొల్లించుకొచ్చాం."

"అది అనధికార భ్రమణం. పరిగణనలోకి రాదు."

ఆయన మొదటి ఒర చుట్టూ నలుగురు మగవాళ్లను గునపాలతో నిలబెట్టించాడు. నేల మీద ఒర చుట్టూ సుద్దతో డిగ్రీల గీతలు గీయించాడు. ఒర మీద మాత్రం గీత పెట్టనివ్వలేదు. పెడితే వస్తువు స్వరూపం మారిపోతుందట. దాలినాయుడి భార్య రాముడమ్మ బిందె చంకన పెట్టుకుని అక్కడే ఆగింది.

"నాకు తెలక అడుగుతాను బాబూ," అంది. "దాని మీద గుర్తు నేదు. తిప్పినా ఒకలాగే ఉంటాది, తిప్పకపోయినా ఒకలాగే ఉంటాది. తిరిగిందని తమరికెలాగ తెలుస్తాది?"

కామేశం కలం ఆగింది. ఈ ప్రశ్న అతనికీ రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదని అతని మొహమే చెప్పింది. ధర్మలింగేశ్వరరావు మాత్రం తొణకలేదు.

"తిప్పినవారికి చెమట పట్టునా లేదా అన్నది పరిశీలిస్తాము. పట్టిన ఎడల తిరిగినట్టు."

"తిప్పకుండానే తిప్పామని రాసేసుకుంటే, సార్..." అన్నాడు కామేశం మెల్లిగా. "ఫలితం ఎలాగూ ఒకటే కదా."

"అది శూన్య భ్రమణం అవుతుంది. దానికి వేరే గడి ఉంది. మొదట అదే చదవండి."

కామేశం చదివాడు. "ఒకటో అంశం. శూన్య భ్రమణం."

నలుగురూ గునపాలు బిగించి పట్టుకున్నారు. వాళ్లలో అప్పన్న అనేవాడు కాస్త తొందర మనిషి.

"ఏటి సెయ్యాల బాబూ?"

"ఏమీ చేయకూడదు."

"ఎంతసేపు?"

ఉత్తర్వులో దీనికి జవాబు లేదు. అధికారి కొంచెంసేపు ఆలోచించి, భోజనాల వేళ దాకా అన్నాడు. నలుగురూ ఎండలో అలాగే నిలబడ్డారు. ఎవరూ కదలలేదు. అప్పన్న ముక్కు మీద ఈగ వాలితే ఊదుకున్నాడు గాని చెయ్యెత్తలేదు. ఊరివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. కొందరు కూర్చున్నారు. పొద్దు నడినెత్తికి వచ్చాక అధికారి దగ్గరకు నడిచి ఒరను పరీక్షగా చూశాడు.

"మారిందా?"

"నేదు బాబూ."

"రాయండి కామేశం. శూన్య భ్రమణం, సంతృప్తికరం."

"మా మరిది అప్పన్న పుట్టినకాణ్ణించీ ఈ పనే సేత్తన్నాడు," అంది రాముడమ్మ. "ఆడికీ ఓ పత్రం రాసియ్యండి బాబూ, మా సెల్లి సంతోసిస్తాది."

"ఒదినా, నువ్వు నీల్లకెల్లు," అన్నాడు అప్పన్న.

మధ్యాహ్నం నుంచి అసలు తిప్పులు మొదలయ్యాయి. ఒక డిగ్రీ తిప్పడం, మారలేదని రాయడం, దాని ప్రతి భ్రమణంగా మళ్లీ వెనక్కి తిప్పడం, అప్పుడూ మారలేదని రాయడం. తర్వాత రెండు డిగ్రీలు, వెనక్కి రెండు. మర్నాడు చీకటి పడే లోపల మూడువందల అరవయ్యీ పూర్తయ్యాయి. గునపాలు పట్టినవాళ్ల అరచేతులు బొబ్బలెక్కాయి. ఒర మాత్రం, రిజిస్టరు ప్రకారం, ఏమీ మారలేదు.

దాలినాయుడు ఆ రాత్రి తాళ్లు, కప్పీ సిద్ధం చేసుకున్నాడు. తెల్లారాక ఒర దింపుదామని మనుషులకు కబురు పెట్టాడు. తెల్లారింది, మనుషులు వచ్చారు, వాళ్ల వెనకే తెల్ల కారు వచ్చింది.

కారులో వచ్చినామె జిల్లా ఉప సంచాలకురాలు విమలాదేవి. నల్లకళ్లద్దాలు తీయకుండానే రిజిస్టరు తిరగేసింది.

"ఒకటో డిగ్రీ తర్వాత రెండో డిగ్రీ తిప్పారు. ఈ రెంటి మధ్య ఏముంది?"

"ఖాళీ మేడం."

"ఖాళీ కాదు. ఒకటిన్నర డిగ్రీ."

ధర్మలింగేశ్వరరావు తల వంచాడు. "అరడిగ్రీలు కూడా తిప్పిస్తాను మేడం."

"అరకూ ఒకటికీ మధ్య?"

"ముప్పావు మేడం."

"ముప్పావుకూ ఒకటికీ మధ్య?"

ఆ రెంటి మధ్యలో ఏముందో ఆయనకు కనబడడం మొదలైంది. దాని మధ్యలో ఇంకోటి, దాని మధ్యలో ఇంకోటి. మనిషి రంగు మారింది.

"మనం చూడని ఏదో ఒక చోట ఒర మారిపోయి ఉంటే?" అంది విమలాదేవి. "రేపు శాసనసభలో ప్రశ్న వస్తే? బాధ్యత ఎవరిది?"

దాలినాయుడు గొంతు సవరించుకున్నాడు. "మారదమ్మా. సిమెంటు గదా."

"అది మీ వ్యక్తిగత అభిప్రాయం."

"వోన వొచ్చెత్తాదమ్మా. గొయ్యి కూలిపోతాది."

"వర్షము మా శాఖ పరిధిలోనిది కాదు." ఆమె రిజిస్టరు మూసింది. "సౌష్ఠవం నిరంతరం కనుక తనిఖీ కూడా నిరంతరం జరగాలి. మీరు ఇక్కడే ఉండండి, ధర్మలింగేశ్వరరావు గారూ."

మూడో నాటికి గొయ్యి పక్కన గుడారం లేచింది. దాని మీద 'నిరంతర తనిఖీ శిబిరం' అని బోర్డు పెట్టారు. గుడారంలో మంచం, కూజా, గోడ గడియారం. అరడిగ్రీలకు ఒక సహాయకుడు వచ్చాడు, పావులకు ఒకడు, పావులో సగాలకు ఇంకొకడు. ఆఖరివాడికి చూపు ఆనక భూతద్దం ఇచ్చారు. పావులో సగంవాడు తన పని పావువాడి పని కన్నా సున్నితమైనది కనక తను అతనికి పై అధికారినని అన్నాడు. పావువాడు ఒప్పుకోలేదు. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. వాళ్లిద్దరి మధ్యా కబుర్లు మోయడానికి కామేశం తిరుగుతుండేవాడు.

ఊళ్లో మగవాళ్లంతా వంతుల మీద గునపాలు పట్టారు. దుక్కులు ఆగిపోయాయి. ఇంటికి ఎవరైనా చుట్టం వచ్చి, మీ ఆయన ఏడీ అంటే, "ముప్పావు కాడున్నాడు" అని చెప్పేవారు.

అధికారికి రాముడమ్మ ఇంటినుంచే కూడు వెళ్లేది. ఆయన చొక్కా మడతలు ఒక్కటొక్కటే నలిగాయి. సాయంత్రాలు పని ఆపాక ఒర చుట్టూ ఒంటరిగా నడిచేవాడు, చేతులు వెనక్కి కట్టుకుని, ఎక్కడో ఒక చోట అది తనకు దొరక్కుండా ఉన్నట్టు. ఒకనాడు అన్నం పెట్టడానికి వెళ్లిన రాముడమ్మ అడిగింది.

"ఇది ఎప్పటికవుతాది నాయినా?"

"అవదమ్మా. అయితే నిరంతరం ఎలా అవుతుంది?"

"మరి మా నుయ్యి?"

ఆయన ముద్ద కలుపుతూ ఉండిపోయాడు. "నాకూ ఒక ఇల్లుందమ్మా," అన్నాడు చివరికి. "నెలైంది చూసి."

ఆ సాయంత్రం కొండ మీదికి మబ్బులు వచ్చాయి. తువ్వాలు ముక్కలు కావు, దుప్పట్లు. దాలినాయుడు గొయ్యి అంచున కూర్చుని లోపలికి చూశాడు. ఒక పక్క గోడ నుంచి గుప్పెడు ఇసక జారి నీళ్లలో పడింది. అది పడ్డ చప్పుడు అతను ఒక్కడే విన్నాడు. ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని, తినకుండా లేచాడు. రాముడమ్మ ఏమీ అడగలేదు. ఆవిడ అడగలేదంటే సంగతి అర్థమైందన్నమాట.

మరో వారం తిరిగేసరికి విమలాదేవి పరిష్కారం పట్టుకుని మళ్లీ వచ్చింది.

"ఇప్పలవలస ప్రగతి రాష్ట్రంలో అట్టడుగున ఉంది. లోపం తనిఖీలో లేదు, వస్తువులో ఉంది. గుండ్రంగా ఉండడమే సమస్యకు మూలం. నలుచదరపు ఒర పోయించండి. నాలుగు భ్రమణాలతో అయిపోతుంది."

"నలుపలకల నుయ్యా?" అన్నాడు దాలినాయుడు.

"నీటికి ఆకారం ఉండదు కదా నాయుడు గారూ. ఎందులో పోస్తే అదే."

మేస్త్రీని పిలిపించి నలుచదరపు ఒర పోయించారు. ఆరాక నాలుగు సార్లు తిప్పారు, నాలుగు సార్లూ ఒదిగింది. అధికారికి ఇచ్చిన టీ చల్లారక ముందే పత్రం మీద సంతకం అయింది. చప్పట్లు కొట్టారు. తాళ్లు కట్టి ఒరను గోతిలోకి దించారు. నాలుగు మూలలూ గొయ్యి మెడ దగ్గర పట్టుకున్నాయి. అటు పోలేదు, ఇటు రాలేదు. పైకి లాగబోతే మూలల దగ్గర గోడ రాలడం మొదలెట్టింది. దాలినాయుడు పరుగెత్తి తాడు బిగబట్టి, పది మంది చేత దాన్ని అంగుళం అంగుళం పైకి లాగించాడు. తర్వాత చాలాసేపు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"గొయ్యిని కూడా చదరంగా తవ్వించండి," అంది విమలాదేవి.

"ఇసకలో మూల నిలబడదమ్మా."

"అది నేల లోపం," అని ఆమె కారెక్కింది.

ఆ మర్నాడు ఉరుములు వినబడ్డాయి. దూరానే, కొండ అవతల, ఎవరో ఖాళీ డ్రమ్ములు దొర్లిస్తున్నట్టు. గునపాల దగ్గర ఆ పూట వంతు దాలినాయుడిది, అప్పన్నది, ఇంకో ఇద్దరిది. కామేశం అంశం చదివాడు. సహాయకుడు భూతద్దం పెట్టాడు. ఉరుముకు దాలినాయుడు తలెత్తి కొండవైపు చూశాడు. చేతిలో గునపం జారింది. ఠప్పుమని ఒర అంచునుంచి అరచెయ్యంత పెచ్చు లేచి పడింది.

ఎవరూ కదలలేదు. ప్రభుత్వ ఆస్తి. దాలినాయుడు పెచ్చును చూశాడు, ఒరను చూశాడు, కళ్లు మూసుకున్నాడు. జైలు ఏ ఊళ్లో ఉందో తెలుసు గాని ఏ వీధిలోనో తెలియదు అన్నట్టుంది మొహం.

ధర్మలింగేశ్వరరావు మెల్లిగా లేచి వచ్చాడు. ఒర చుట్టూ ఒకసారి నడిచాడు. పెచ్చు లేచిన చోట ఆగాడు.

"తిప్పండి."

"ఎంత బాబూ?"

"ఎంతైనా."

తిప్పారు. పెచ్చు లేచిన చోటు తూర్పునుంచి పక్కకు జరిగింది.

"మారింది," అన్నాడు అధికారి. ఆ మాట ఆయన నోట రావడం ఊరు మొదటిసారి విన్నది. "వెనక్కి తెచ్చి మరికొంత తిప్పండి."

మళ్లీ మారింది. కొంచెం తిప్పినా మారింది, ఎక్కువ తిప్పినా మారింది. ఆయన మొహంలోకి రక్తం వస్తున్నది.

"కామేశం! వస్తువును మారనివ్వని భ్రమణాలు మాత్రమే కదా తనిఖీ చేయవలసినది?"

"అవును సార్. అవన్నీ."

"ఈ ఒరను మారనివ్వని భ్రమణాలు ఎన్ని?"

కామేశం ఒరను చూశాడు. పెచ్చును చూశాడు. "ఒక్కటే సార్. తిప్పకపోవడం."

"దానిని తనిఖీ చేసి ఉన్నామా?"

"మొదటి పూటే సార్. భోజనాల దాకా."

"అయితే ఉన్న సౌష్ఠవాలన్నీ తనిఖీ అయినవి." అధికారి కుర్చీలో కూర్చుని కలం తీశాడు. "సంపూర్ణం. దింపుకోవచ్చు."

పావువాడు, పావులో సగంవాడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. దాలినాయుడికి విషయం లోపలికి దిగడానికి కొంతసేపు పట్టింది. దిగాక అతను గునపం తీసుకుని రెండో ఒర దగ్గరకు నడిచి, దాని అంచు మీద ఒక్క పోటు పొడిచాడు. పెచ్చు లేచింది.

ధర్మలింగేశ్వరరావు గుడారం పైకప్పు వైపు చూస్తూ అడిగాడు. "ఇది కూడా ప్రమాదవశాత్తూ జరిగినదేనా?"

"అవును బాబూ. సెయ్యి జారింది."

"రాయండి కామేశం. చేయి జారినది." గడియారం చూసుకున్నాడు. "శూన్య భ్రమణం కానివ్వండి. ఈసారి భోజనాల దాకా అక్కర్లేదు. వర్షసూచన దృష్ట్యా ఒక ఊపిరి తీసి వదిలే దాకా చాలు."

అందరూ ఒక ఊపిరి తీసి వదిలారు. ఒర మారలేదు. సంతకం పడింది.

దాలినాయుడి చెయ్యి వరసగా జారుతూ పోయింది. కొందరు తాళ్లు కట్టారు, కొందరు కప్పీ దగ్గర నిలబడ్డారు. పత్రం వచ్చిన ఒర వచ్చినట్టే గోతిలోకి దిగింది. మధ్యలో అప్పన్న సాయానికి వచ్చి, ఒక ఒరకు ఒక్క పెచ్చు లేవగొడితే బాగాలేదని, అందంగా ఉంటుందని, నాలుగు దిక్కులా నాలుగు పెచ్చులు సమానంగా తీశాడు. అధికారి దాన్ని చూసి నీరుగారిపోయాడు.

"ఏమిటయ్యా ఈ పని? పావు చుట్టు తిప్పితే మళ్లీ ఒదుగుతుంది. ఇప్పుడు నాలుగు భ్రమణాలు, వాటి ప్రతి భ్రమణాలు..."

"ఒరేయ్ మరిదీ," అంది రాముడమ్మ. "జల్మలో ఓ పని సుబ్బరంగా సెయ్యనోడివి, ఇయ్యాలే నీకు సుబ్బరం కావాల్సొచ్చిందా? ఇలాగియ్యి." గునపం లాక్కుని ఇంకోచోట వంకరగా ఒకటి పొడిచింది. ఒర ఇప్పుడు ఎటు తిప్పినా ఒదగదు. అధికారి ఊపిరి పీల్చుకుని, పీల్చిన ఊపిరినే తనిఖీ కింద రాయించాడు.

మేస్త్రీ పెచ్చుల సందులు సిమెంటుతో పూడుస్తానన్నాడు. "పూడిస్తే మళ్లీ గుండ్రమైపోతుంది," అని కామేశం అడ్డుపడ్డాడు. సందులు అలాగే వదిలేశారు. ఆఖరి ఒర దిగి, చుట్టూ కంకర నింపుతుండగా మొదటి చినుకు అధికారి రిజిస్టరు మీద పడి సిరా అలికింది. తర్వాత కొండ కనబడలేదు. ఆ రాత్రంతా కురిసింది. ఊరు పడుకోలేదు. తెల్లారి దాలినాయుడు వెళ్లి చూస్తే నుయ్యి నిలబడి ఉంది. ఒరల సందుల్లోంచి నీరు లోపలికి కారుతున్నది. అతను అంచు మీద చెయ్యి పెట్టి, పెచ్చు లేచిన గరుకును వేలితో తడిమాడు.

వాన తెరిపిచ్చాక విమలాదేవి వచ్చింది. పత్రాలన్నీ లెక్కచూసింది. గుండ్రటి వస్తువుల తనిఖీ సంపూర్తి చేసిన చోటు రాష్ట్రం మొత్తం మీద ఇదొక్కటేనని తేలింది. ఆమె నల్లకళ్లద్దాలు తీసింది. ఆ కళ్లు ఎలా ఉంటాయో అప్పటిదాకా ఎవరికీ తెలియదు.

"ఏ విధానం అవలంబించారు?"

ధర్మలింగేశ్వరరావు నిటారుగా నిలబడ్డాడు. "సౌష్ఠవ నిర్మూలన ద్వారా సౌష్ఠవ తనిఖీ మేడం."

ఆమె ఆ మాటను రెండుసార్లు మనసులో అనుకుంది. రాసుకుంది. పక్షం రోజుల్లో రాష్ట్రమంతటికీ ఉత్తర్వు వెళ్లింది. ప్రభుత్వ ఆధీనంలో ఉన్న ప్రతి గుండ్రటి వస్తువుకూ ఒక అధికారిక గాటు పెట్టాలి. ఆస్పత్రుల్లో మాత్రలకు గాటు పెట్టారు. బడి గంటలకు పెట్టారు, అవి ఠంగుమనడం మానేసి టపాటపా అన్నాయి. రోడ్డు రోలరు చక్రానికి పెట్టారు. అది నడిచిన రోడ్డంతా, చక్రం తిరిగిన చుట్టుకు ఒకటి చొప్పున, గట్లు లేచాయి. బస్సు చక్రాలకు పెట్టిన డిపోలో బస్సులు కదలలేదు. బస్సులు కదలకపోవడాన్ని శాఖ శూన్య భ్రమణం కింద జమకట్టి, సంతృప్తికరం అని రాసుకుంది. ఆఖరున శాఖవారి రబ్బరు ముద్రే గుండ్రంగా ఉందని ఎవరో పట్టుకున్నారు. దాన్నీ ఒక పక్క కోశారు. కోసిన చోట శాఖ పేరు పడడం మానేసింది. అప్పటినుంచి ఉత్తర్వులు ఎవరివో తెలియక, ఎవరూ అమలు చేయనక్కర్లేకపోయింది. మంత్రిగారు అప్పటికి ఇంకో మహాసభలో జ్యోతి వెలిగిస్తున్నారు. అది తేనెటీగల గురించి.

ఇప్పలవలసలో శిబిరం ఎత్తివేసే రోజున నూతికి పసుపు రాసి, ఊరంతా వంటలు చేసుకున్నారు. గుడారం గుడ్డనే నేల మీద పరిచి, విస్తళ్లు వేశారు. కొత్త నూతి నీళ్లతో వండిన అన్నం, పప్పు, దప్పళం. ధర్మలింగేశ్వరరావు దాలినాయుడి పక్కన కూర్చున్నాడు. సాయంత్రం జీపులో ఇంటికి వెళ్లిపోతున్నాడు. ఆ వేళ ఉతికిన చొక్కా వేసుకున్నాడు గాని, ఇస్త్రీ లేదు. పావువాడూ పావులో సగంవాడూ పక్కపక్కనే కూర్చుని, మధ్యలో ఒక్క గ్లాసే పెట్టుకున్నారు.

రాముడమ్మ గారెలు వడ్డించుకుంటూ వచ్చింది. గుండ్రంగా, ఎర్రగా, నడిమధ్యన చిల్లుతో, ఒక్కొక్కటీ చిన్న ఒరలాగే ఉంది. అధికారి చెయ్యి గారె మీదికి వెళ్లి ఆగింది. అది చూసి దాలినాయుడి చెయ్యి ఆగింది. కామేశం చెయ్యి ఆగింది. వరస చివరిదాకా ఒక్కొక్క చెయ్యీ ఆగిపోయింది.

ధర్మలింగేశ్వరరావు గారెను కాసేపు చూశాడు. తర్వాత రెండు వేళ్లతో దాని అంచునుంచి చిన్న ముక్క తుంచి, నోట్లో వేసుకున్నాడు. దాలినాయుడు తన గారె అంచు తుంచాడు. వరసలో ఉన్నవాళ్లంతా తుంచారు. రాముడమ్మ వచ్చి అందరి గ్లాసుల్లో నూతి నీళ్లు పోసి, తనూ ఒక విస్తరి ముందు కూర్చుంది. అందరూ తలలు వంచుకుని తిన్నారు.